లిఫ్టు లెక్క మనమే వేద్దాం

(మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్ల కింద మా ఊరి ఎత్తిపోతలకు బిల్లు బకాయి పడి కనెక్షన్ తీసేశారు. నాటేసిన వరి కళ్లముందే ఎండింది. నీళ్లు ఎక్కువ వాడారని అధికారులన్నారు. బిల్లే తప్పని మేమన్నాం. ఎవరి దగ్గరా లెక్క లేదు. ఆ లెక్క ఎట్లా వేయాలో చెప్పడానికే లేచాను.

బిల్లుకు బిల్లు పోలిస్తే ఏమీ తేలదు. ఒక లిఫ్టు 10 మీటర్లు ఎత్తుతుంది, ఇంకోటి 60 మీటర్లు. చూడాల్సినవి మూడు: ఎన్ని నీళ్లు, ఎంత ఎత్తుకు, ఎన్ని యూనిట్లు. ఏ నష్టమూ లేకుంటే ఒక యూనిట్ కరెంటు 367 ఘనపు మీటర్ల నీటిని, అంటే 3 లక్షల 67 వేల లీటర్లను, ఒక మీటరు ఎత్తుకు లేపుతుంది. మోటారు, పంపు, పైపుల నష్టాలు పోను నూటికి 60, 70 పాళ్లు దక్కితే బాగున్నట్టే.

మా లిఫ్టు ఎత్తు 30 మీటర్లు. కనెక్షన్ మళ్లీ వచ్చాక గంటసేపు నడిపితే మీటరు 50 యూనిట్లు తిరిగింది. నష్టం లేకుంటే 610 ఘనపు మీటర్లు రావాలి. డెలివరీ తొట్టి దగ్గర కొలిస్తే 240 వచ్చాయి. నూటికి 40 పాళ్లే! విప్పి చూస్తే ఇంపెల్లర్ అరిగింది, జాయింట్లు కారుతున్నాయి. బాగు చేయించాక అదే 50 యూనిట్లకు 360 వస్తున్నాయి. తప్పు రైతుది కాదు, పదేళ్లుగా ఎవరూ ముట్టని పంపుది.

పెద్ద పథకాలకూ ఇదే లెక్క. ఒక టీఎంసీని ఒక మీటరు లేపాలంటే నష్టాలతో కలిపి సుమారు లక్ష యూనిట్లు. కాళేశ్వరంలో మేడిగడ్డ సముద్రమట్టానికి దాదాపు 100 మీటర్ల ఎత్తున ఉంటే, కొండపోచమ్మ సాగర్ 600 మీటర్లు దాటి ఉంది. అక్కడికి ఒక టీఎంసీ చేరాలంటే 5 కోట్ల యూనిట్లు. టీఎంసీకి 10 వేల ఎకరాల ఆరుతడి అనుకుంటే ఎకరాకు 5 వేల యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 30 వేలు. నాగార్జునసాగర్ కాల్వలో వాలుకు పారే నీటికి ఈ ఖర్చు లేదు.

మెట్ట రైతుకు నీళ్లు వద్దని నేననను. నీళ్లు వాళ్ల హక్కు. కానీ వాలుకు వచ్చే నీటిని, చెరువులను ముందు వాడాలి. ఎత్తక తప్పని చోట ఖర్చు ముందే చెప్పాలి, దాన్ని ప్రభుత్వమే భరించాలి. తర్వాత బకాయి పేరుతో రైతు నెత్తిన రుద్దితే ఊరుకోం.

ప్రతి పంపుహౌస్ గోడ మీద నెలనెలా ఆ మూడు అంకెలు రాయాలని మన డిమాండ్. అప్పటిదాకా ఆగొద్దు. ప్రతి లిఫ్టు కమిటీ ఈ నెలలోనే ఒక గంట కొలిచి, ఆ కాగితం సంఘం ఆఫీసుకు పంపండి. లెక్క చేతిలో పెట్టుకొని అడుగుదాం.