ఇంగ్లీషులో నిన్న, రేపు, ఎప్పటినుంచి



ఇంగ్లీషు వ్యాకరణమంతా చెప్పే పని మేము పెట్టుకోలేదు. ఉద్యోగం అర్జీలో, సెలవు చీటీలో, గల్ఫు కాగితాల్లో కాలం తెలిపే మాట ఒక్కటి తప్పితే ఏమవుతుందో, అంతవరకే చెబుతాము.

నంద్యాలలోగాని, ఆళ్లగడ్డలోగాని మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడి, బడిలో ఇంగ్లీషు వ్రాస్తారు. ఉర్దూలో 'కల్' అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. 'కల్ ఆయా' అంటే నిన్న వచ్చాడు, 'కల్ ఆయేగా' అంటే రేపు వస్తాడు. క్రియను బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఎస్టర్‌డే వేరు, టుమారో వేరు. పైగా ఎస్టర్‌డే పక్కన 'హావ్ సీన్' పనికిరాదు, 'సా' అనే వ్రాయాలి. 'ఎస్టర్‌డే నైట్' అని మనమంతా అంటాము గాని, 'లాస్ట్ నైట్' అంటేనే అందం.

అసలు చిక్కంతా 'నుంచి'తో. 2022 నుంచి అంటాము, మూడేండ్ల నుంచి అంటాము. ఉర్దూ 'సే' కూడా రెండింటికీ చెల్లుతుంది. ఇంగ్లీషులో మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. అప్పటినుంచి అనడానికి 'సిన్స్ 2022'. 'సిన్స్ త్రీ ఇయర్స్' అనకూడదు. క్రియ కూడా చూసుకోవాలి. 'ఐ వర్క్‌డ్ ఫర్ త్రీ ఇయర్స్' అని వ్రాస్తే, చదివిన దొర ఆ పని మానేశాడనుకుంటాడు. ఇంకా చేస్తూనే ఉంటే 'ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్' అనాలి. చేస్తున్న ఉద్యోగం కాగితం మీద ఊడిపోవడమంటే ఇదే!

ఆళ్లగడ్డలో బస్సెక్కే అబ్బాయి 'ఐ విల్ కమ్ టిల్ టెన్' అంటాడు. టిల్ అంటే దాకా. పదింటిలోగా వస్తాననడానికి 'బై టెన్' అనాలి. అర్జీ 'బై 30' పంపమంటే 30వ తేదీ కూడా చెల్లుతుంది. 'బిఫోర్ 30' అంటే 29తోనే సరి. ఫీజు కట్టేవాళ్లు ఇది గట్టిగా పట్టుకోండి.

ఇక మన ఇళ్లకే ప్రత్యేకమైనది ఒకటుంది. మన లెక్కలో మగ్రిబ్‌తో కొత్త దినం మొదలు. షబె జుమా అంటే గురువారం సాయంత్రం దాటిన రాత్రి. దాన్ని ఇంగ్లీషు కార్డులో 'ఫ్రైడే నైట్' అని అచ్చు వేయిస్తే, విందు ముగిసిన మర్నాడు ఆళ్లగడ్డ చుట్టాలు పిల్లాజెల్లాతో నంద్యాలలో దిగుతారు. 'థర్స్‌డే నైట్' అనే వేయించి, పక్కనే తేదీ కూడా వేయించండి.