కొనేవాళ్లు దిద్దిన పాఠం



ధర్మసాగర్‌లో చదువు ముగించిన పిల్లలు వ్యాపారం అనగానే హైదరాబాద్ వైపు చూస్తారు. 2015లో మొదలైన స్టార్టప్‌ల కేంద్రం టీ-హబ్ అక్కడే ఉంది, పెట్టుబడి పెట్టేవాళ్లూ అక్కడే ఉన్నారు. అయితే కాజీపేటలో ఎక్కిన రైలు హైదరాబాద్ చేరకముందే, జనగామ దాటాక, ఆలేరులో ఆగుతుంది. ఈ రోజు చెప్పుకోవలసిన కథ ఆ స్టేషన్ దగ్గరే ఉంది.

అక్కడి చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కారు. తల్లి లక్ష్మి ఇంట్లో ఆసు పోసేవారు, అంటే నేతకు ముందు దారాన్ని మేకులకు చుట్టేవారు. ఒక్క చీరకు ఆమె చెయ్యి మేకుల చుట్టూ దాదాపు 9,000 సార్లు తిరగాలి. రెండు చీరలంటే 18,000 సార్లు. సాయంత్రానికి భుజం ఎత్తలేని పరిస్థితి. ఆ నొప్పి చూసి 1992లో ఆయన యంత్రం తయారుచేసే పనిలో పడ్డారు. ఇంజినీరింగ్ చదవలేదు, చేతిలో డబ్బు లేదు. కొంత పని నడిచాక ఒక కదలిక దగ్గర యంత్రం మొరాయించింది. బతుకుదెరువుకు హైదరాబాద్ వెళ్లి, బాలానగర్‌లో కరెంటు పని చేస్తున్నప్పుడు ఒక వర్క్‌షాపు యంత్రంలో అలాంటి కదలికే కంటపడింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. గంటల తరబడి సాగే పని గంటన్నరకు తగ్గింది. దానికి తల్లి పేరే పెట్టారు: లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ ఏడేళ్లలో ఆయనకు మార్కులు వేసినవాళ్లు ఎవరూ లేరు. యంత్రం మీద పోసిన ఆసు మగ్గానికి పనికొస్తేనే గెలుపు, లేకపోతే మళ్లీ మొదలు. కాలేజీ ప్రాజెక్టుల్లో తరచూ లోపించేది సరిగ్గా ఈ పరీక్షే. వైవా రోజున బల్ల మీద వెలిగిన బల్బు మర్నాడు ఎవరింట్లో వెలగాలో అడిగేవాళ్లు ఉండరు. ప్రదర్శనలో బహుమతి రావడం సంతోషమే, కానీ తెలియనివాళ్లు జేబులోంచి డబ్బు తీసి కొన్నప్పుడు తెలిసే విషయాలు బహుమతి చెప్పదు.

చదువుకున్నవాళ్లకూ ఈ పాఠం తప్పలేదు. 2005 దీపావళికి బెంగళూరులో బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, తన బిట్స్ పిలానీ మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి బస్సు యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ రాశారు. యజమానులు అది వద్దన్నారు. వాళ్లకు కావలసింది సీట్లు అమ్మిపెట్టేవాళ్లు. దాంతో మిత్రులు సీట్లే అమ్మడం మొదలుపెట్టారు. 2006లో రెడ్‌బస్ అలా పుట్టింది. తర్వాత ఫణీంద్ర తెలంగాణ రాష్ట్రానికి తొలి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గా పనిచేశారు.

ఈ పరీక్షను చదువులోనే కలిపినవాళ్లూ ఉన్నారు. ఫిన్లాండ్‌లోని యువాస్కులాలో 1993లో యోహన్నెస్ పార్టనెన్ మొదలుపెట్టిన టీమ్ అకాడమీలో విద్యార్థులు మొదటి నుంచే సహకార సంస్థలు పెట్టుకుని నిజమైన గిరాకీలకు పని చేస్తారు. అధ్యాపకులు పక్కన నిలబడి దారి చూపుతారు, అంతే. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2021 నుంచి పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు తలా 2,000 రూపాయల మూలధనం ఇచ్చి వ్యాపారం చేయించారు. చిన్న మొత్తమే అయినా లాభనష్టాల లెక్క నేర్పడానికి అది చాలు.

మన దగ్గర నియమాలు అడ్డుపడుతున్నాయని అనుకోనక్కర్లేదు. 2019 నాటి జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ విధానం మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు, సెమినార్‌ల బదులు విద్యార్థి తన స్టార్టప్ పనిని చూపించుకోవచ్చని చెప్పింది. సంస్థ అనుమతిస్తే హాజరు తక్కువైనా పరీక్ష రాయవచ్చు. ఈ వెసులుబాటును కాలేజీలు వాడుకోవాలి, విద్యార్థులు అడిగి మరీ తీసుకోవాలి.

ఇక పనికి కరువా? వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. ఆ రంగుకు ధర కట్టే కొనుగోలుదారులను రైతుకు ఎలా దగ్గర చేయాలి? 2018లో అదే గుర్తింపు పొందిన వరంగల్ డర్రీ, ఇల్లు సర్దుకునే ఒక కొత్త జంటకు చేరాలంటే ఏ కొలతలో, ఏ ధరలో ఉండాలి? ధర్మసాగర్ చెరువులో పట్టిన చేప చెడిపోకుండా హన్మకొండ వంటింటికి ఎంత సేపట్లో చేరుతుంది? వీటికి జవాబులు లైబ్రరీలో దొరకవు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో తెల్లవారుజామున నిలబడాలి, కొత్తవాడలో మగ్గం పక్కన కూర్చోవాలి, చేపలు పట్టేవాళ్లతో గట్టు మీద మాట్లాడాలి.

పట్టా పుచ్చుకుని వెళ్తున్న మీకు ఒక విన్నపం ఉంది. ఈ ఏళ్లలో ఏదైనా అమ్మడానికి ప్రయత్నించినవాళ్లు ఆ లెక్కల పుస్తకాన్ని పారేయకండి. ఎంత పెట్టారు, ఎంత తిరిగొచ్చింది, ఎవరు వద్దన్నారు, ఏ కారణం చెప్పారు, అన్నీ రాసి కాలేజీకి ఇవ్వండి. అధ్యాపకులు వాటిని ప్రాజెక్టు రిపోర్టుల పక్కనే లైబ్రరీలో పెట్టించాలి. జూన్‌లో చేరే పిల్లలు మీరు ఆగిన చోటి నుంచి మొదలుపెడతారు.