రేగడి మట్టి, బంగాళాఖాతం అడుగు

సముద్రం చదువుకున్న మనిషికి మీ రేగొండలో ఏం పని అనుకోకండి. మీ పత్తి చేలల్లో పడ్డ వాన వాగుల్లో కలిసి, గోదావరి చేరి, ధవళేశ్వరం దాటి బంగాళాఖాతంలో పడుతుంది.

ఈ గాజు సీసా చూడండి. సగం దాకా ఉప్పునీళ్లున్నాయి. మంచినీళ్లలో కాస్త హోలీ రంగు కలిపి, చెంచాతో అంచు వెంట మెల్లగా పోస్తున్నాను. చూశారా, రంగునీళ్లు పైనే నిలిచాయి. బంగాళాఖాతం మూడు వైపులా నేల చుట్టిన సముద్రం. అందులోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ దిగుతాయి. ఆ తేలిక నీళ్లు ఇట్లాగే మూతపెట్టినట్టు పైన పరుచుకుంటాయి. లోతున ఉన్న నైట్రేట్, ఫాస్ఫేట్ అనే ఎరువులు ఆ మూత దాటి పైకి రావడం కష్టం. అందుకే వెలుతురులో పెరిగే సన్నని నాచు ఇక్కడ అరేబియా సముద్రంలో కంటే తక్కువ.

నాచు తక్కువైతే, అది చచ్చి అడుగుకు మోసుకెళ్లే కార్బన్ కూడా తక్కువే ఉండాలి కదా? గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1987 నుంచి లోతు నీళ్లలో పెద్ద గరాటాలు వేలాడదీసి, పైనుంచి రాలిపడేదంతా పట్టి చూశారు. లోతుకు దిగే కార్బన్‌లో మన సముద్రం అరేబియాకు ఏమంత తీసిపోలేదు. కారణం నదులు తెచ్చే మట్టి.

ఇప్పుడు చిటికెడు రేగడి వేస్తున్నాను. మంచినీళ్లలో మబ్బులా తేలింది. ఉప్పు తగలగానే ముద్దకట్టి దిగుతోంది. చచ్చిన నాచు దూది లాంటిది. మట్టి అంటుకుంటే బరువెక్కి, కుళ్లేలోగా అడుగు చేరుతుంది. అంటుకోకపోతే నడిమి లోతులోనే కుళ్లి, అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తుంది.

నా భయమంతా అక్కడే. సుమారు వంద మీటర్ల కింద మొదలై కొన్ని వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేదు. మిగిలిన ఆ జాడంత ఆక్సిజన్ ఉండబట్టే నైట్రేట్ అరేబియాలో లాగా పెద్ద ఎత్తున నైట్రోజన్ వాయువై పోవడం లేదు. ఆనకట్టలు మట్టిని ఆపుతాయి; కరిగిన యూరియాను ఆపలేవు. మట్టి బరువు తగ్గి, ఎరువు పెరిగితే ఆ జాడ కూడా నిలవదేమోనని నా దిగులు.

సీసా ఈ బల్లమీదే ఉంచి వెళ్తాను. కదపకండి. పొద్దున పిల్లలు వచ్చి, మట్టి ఎక్కడుందో, రంగు ఎంతవరకు దిగిందో చూడండి.