పాత కారు చప్పుళ్లు

ముప్పది యేండ్లనాటి కారును బాగుచేయబూనినవాడు పానా చేతబట్టుటకు ముందు చెవి యొగ్గి వినుట మేలు. రేడియో శ్రోతలకు ఈ మాట వింతగా తోచదనుకొందుము. కంటికి కనబడని మనిషి కంఠమును బట్టి అతని వయస్సును, జలుబును, కోపమును పోల్చుకొనుట మీకు నిత్యము అలవాటైన పనియే గదా!

మేము చెప్పబోవునది హోండా వారి ప్రెల్యూడ్ కారును గూర్చి. ఇది 1978లో జపానులో పుట్టి, ఐదు తరములు మారి, 2001లో నిలిచిపోయి, మరల 2025లో క్రొత్త రూపముతో వెలువడినది. పాతవాటికి తలుపులు రెండే. కూర్చుండు పీట నేలను తాకుచున్నట్లుండును. వెనుక సీటులో పెద్దవారు కూర్చుండిరా, మోకాళ్లు గడ్డమునకు తగులును. ఇంజను ముందుభాగమున అడ్డముగా నుండును. శక్తి యంతయు ముందు చక్రములకే పోవును. మన యంబాసిడరును, ప్రీమియర్ పద్మినిని వెనుక చక్రములు త్రోయుచుండెడివి. 1983లో మారుతి 800 వచ్చిన పిదపనే ముందు చక్రములు లాగెడి కారు మన వీధులలో సామాన్యమైనది.

2016వ సంవత్సరమున మేము టెక్సాసు రాష్ట్రములో మా మేనల్లుని యింట కొన్ని నెలలుంటిమి. అతడు 1994 నాటి ప్రెల్యూడు నొకదానిని, 2.3 లీటర్ల ఇంజను గలదానిని, అప్పుడే కొనియుండెను. మీటరుమీద 62 వేల మైళ్లు, అనగా ఇంచుమించు లక్ష కిలోమీటర్లు మాత్రమే యుండెను. ఒక వృద్ధురాలు బజారునకును, చర్చికిని మాత్రమే నడిపినదట. "మామయ్యా, ఇది కొత్తదానితో సమానం" అని అతడనెను. మేమును నమ్మితిమి. శని, ఆదివారములు మేమిద్దరమును దాని క్రిందనే గడపితిమి.

తొలుత వినిపించినది టకటక యను చప్పుడు. తిన్నగా పోవునపుడు లేదు. స్టీరింగు పూర్తిగా త్రిప్పి మలుపు తీసికొనునపుడే వచ్చుచుండెను. ముందు చక్రము ప్రక్కకు తిరుగవలెను, అదే సమయమున ఇంజను శక్తిని గూడ గ్రహింపవలెను. ఈ రెండు పనులను పొసగించునది యాక్సిలు చివరనున్న కీలు. 1920ల నాటి ఆల్ఫ్రెడ్ జెప్పా యను ఇంజనీరు పేరనే నేటికిని దానిని పిలుచుచున్నారు. ఆరు ఉక్కు గుండ్లు గాడులలో దొర్లుచు, యాక్సిలు ఎంత వంగినను చక్రమును ఒకే వేగముతో త్రిప్పును. దానిమీద గ్రీజు నింపిన రబ్బరు బూటు ఉండును. ఆ బూటు చిరిగినచో గ్రీజు చక్రము లోపలివైపున చిమ్మబడును. దుమ్మును, నీరును లోనికి చేరును. బూటు చిరిగిన తొలి దినములలోనే చూచుకొన్నచో కీలును కడిగి, క్రొత్త గ్రీజు పెట్టి, వేరొక బూటు తొడిగిన చాలును. టకటక మొదలైనదా, గుండ్ల గాడులు అరిగినట్లే; యాక్సిలునే మార్చవలయును.

మార్చుటలో కష్టమంతయు ఒక్క నట్టుతోనే. హబ్బు నడుమనున్న ఆ పెద్ద నట్టు అంచును కర్మాగారమువారు గాడిలోనికి కొట్టి బిగించియుందురు. దానిని ఉలితో పైకి లేపి, కారు చక్రములమీద నిలిచియుండగనే, పానాకు నాలుగడుగుల గొట్టము తొడిగి వదులు చేయవలెను. జాకీమీద లేపిన పిదప ఆ పాటు పడినచో కారు మీద పడగలదు. తీసిన నట్టును మరల వాడరాదు. దాని వెల స్వల్పము.

రెండవది హోరు. గంటకు 40 మైళ్లు దాటగానే విమానము దూరమున పోవుచున్నట్లుండెను. టైర్లు కూడ ఇట్లే పలుకును గాన తొందరపడరాదు. ఖాళీ రోడ్డుమీద కారును కొంచెము ఎడమకు త్రిప్పినచో బరువు కుడి చక్రముమీదికి ఒరుగును. అప్పుడు హోరు హెచ్చినచో దోషము కుడి బేరింగునందని యూహింపవచ్చును. మాకు అట్లే హెచ్చినది. ఈ బేరింగును సుత్తితో కొట్టి దించువారు కలరు. వారి పనితనము ఆరు నెలలలో మరల హోరుమనును. మేము చక్రపు కీలుభాగమును విప్పి, ప్రెస్సుయంత్రము గల షెడ్డునకు తీసికొనిపోయితిమి.

మూడవది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవుట. జూలై నెల మిట్టమధ్యాహ్నము కారు మొరాయించెను. "మామయ్యా, ఇంజను తిరుగుతోంది కాని అంటుకోవడం లేదు" అని మేనల్లుడు ఫోనులో మొరపెట్టెను. సాయంకాలము చల్లబడగానే అదే కారు ఏమియు ఎరుగనట్లు నడచెను. మరుసటి మధ్యాహ్నము మేము ప్రక్కన కూర్చుండి వింటిమి. తాళము త్రిప్పగానే వెనుకనుండి పెట్రోలు పంపు రెండు సెకండ్లపాటు సన్నగా మూల్గవలెను. ఆ మూలుగు లేదు! డాష్‌బోర్డు క్రింద అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదైన రిలే యొకటి కలదు. దానిని విప్పి భూతద్దముతో చూడగా టంకము చుట్టును వెండ్రుకవంటి పగులు కనబడెను. ఎండకు కారు లోపల కాగినపుడు ఆ పగులు విడును, చల్లబడగానే కలియును. పది నిమిషములు టంకము పెట్టితిమి. మరునాటి యెండలో ఇంజను ఒక్క త్రిప్పునకే అంటుకొనెను.

ఈ మూడు విజయములతో మా చెవిమీద మాకు గర్వము కలిగెను.

ఇంజను ప్రక్కన, మూత క్రింద, పండ్లు గల రబ్బరు పట్టీ యొకటి కలదు. దానిని టైమింగు బెల్టు అందురు. క్రింద పిస్టనులను నడుపు దండమును, పైన వాల్వులను తెరచు దండములను జతగా త్రిప్పునది అదియే. ఈ ఇంజనులో పిస్టను ఎక్కివచ్చు తావునకే వాల్వు దిగివచ్చును. ఒకటి వచ్చునపుడు రెండవది తొలగును. బెల్టు తెగినచో ఆ మర్యాద యుండదు, రెండును ఢీకొనును. అందుచేతనే తయారీదారులు ఈ నమూనాకు 90 వేల మైళ్లకు గాని, 6 సంవత్సరములకు గాని, ఏది ముందైన దానికి, బెల్టు మార్చుమని నియమము పెట్టిరి.

జూన్ నెలలోనే మేనల్లుడు ఈ సంగతి అడిగెను. మేము పై మూత విప్పి చూచితిమి. పగుళ్లు లేవు, పండ్లు సరిగానున్నవి, చప్పుడు ససేమిరా లేదు. "ఇంకా 28 వేల మైళ్లు ఉందిరా, వచ్చే ఏడు చూద్దాం" అని చెప్పినది మేమే. నియమములోని మొదటి సగమును చదివి, రెండవ సగమును విడిచితిమి. అది కర్మాగారములో వేసిన బెల్టు; దాని వయస్సు 22 సంవత్సరములు. కారు కదలకున్నను రబ్బరునకు కాలము నిలువదు గదా.

సెప్టెంబరులో నొకనాడు అతడు పనికి పోవుచుండగా ఇంజను నిలిచిపోయెను. పెద్ద చప్పుడేమియు కాలేదట. మరల తాళము త్రిప్పగా స్టార్టరు మునుపటికంటె తేలికగా, చేద తెగిన గిలకవలె గిరగిర తిరిగెనట. అది విన్నంతనే మాకు అర్థమైనది. నాలుగు సిలిండర్లలో మూడింటికి ఒత్తిడి సున్న. పై భాగమును విప్పగా 16 వాల్వులలో 10 వంగియుండెను. మరమ్మతుకైన వ్యయము అతడు కారునకిచ్చిన వెలకు దరిదాపుగా వచ్చెను. ఏడు వారములు ఆ పిల్లవాడు రెండు బస్సులు మారి పనికి పోయెను. మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనియుండినచో బాగుండెడిది.

తిరిగి కూర్చుటలో ఎడమ ముందు చక్రము విప్పి, ఆ సందునుండియే పని చేయవలసివచ్చెను. ఈ హోండా ఇంజను గడియారమునకు ఎదురు దిశగా తిరుగును. చేతితో త్రిప్పునపుడు ఇది మరువరాదు. వణకుడును అణచు షాఫ్టులకు వేరొక చిన్న బెల్టు కలదు. వెనుక షాఫ్టు కదలకుండ ఒక రంధ్రములో 6 మిల్లీమీటర్ల బోల్టు దూర్చి పట్టవలెను. నీటి పంపును నడుపునది టైమింగు బెల్టే గాన దానిని గూడ అప్పుడే మార్చితిమి. అంతయు బిగించి, స్టార్టరు ముట్టక ముందు, ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలిసినవో లేదో చూచితిమి. ఆ రెండు చుట్లు త్రిప్పునపుడు మా యిద్దరిలో ఎవరును మాటాడలేదు.

పై మూతమీద మేనల్లుడు తెల్లని పట్టీ అంటించి, మైళ్లతోపాటు "నవంబరు 2016" అని వ్రాసెను. దాని క్రింద, మైళ్లు లేకుండ, "నవంబరు 2022" అని వ్రాసెను.

2022లో అతడు మాకు ఫోను చేసి, బెల్టు మార్చితినని చెప్పెను. కారు అప్పటికి 71 వేల మైళ్లే నడచినది. విప్పిన బెల్టు చూచుటకు కొత్తదానివలెనే యున్నదట.