భయం ఒకచోట, జాగ్రత్త ఇంకోచోట
(పెదకూరపాడులో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ధర, మిర్చి ధర మాట్లాడుకునే చోట కోళ్ల జబ్బు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కోళ్లఫారం లేని ఊరు ఉంటుందేమో గానీ, పెరట్లో నాలుగు నాటుకోళ్లు లేని వీధి మన పల్నాడులో ఉండదు. అందుకే మాట్లాడుకోవాలి.

2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలో, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులో కోళ్లు చచ్చిపోతుంటే నమూనాలు భోపాల్ పంపారు. బర్డ్ ఫ్లూ అని తేలింది. అది గోదావరి జిల్లాల గొడవ, మనకేం అనుకున్నాం. మార్చి 16న మన నరసరావుపేట పాప, రెండేళ్ల బిడ్డ, మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. బర్డ్ ఫ్లూ వైరసేనని పుణెలోని వైరాలజీ సంస్థ నిర్ధారించింది. ఆ మాట మనదాకా వచ్చేసరికి ఏప్రిల్ వచ్చేసింది. కూరకు కోడిని కోస్తుంటే పాప పచ్చి ముక్క నోట్లో పెట్టుకుందని ఇంటివాళ్లు చెప్పారు. ఆ తల్లిని నిందించే హక్కు మనకెవరికీ లేదు. పచ్చి మాంసం దగ్గర పిల్లల్ని ఉంచకూడదని మనలో ఎంతమందికి ఎవరు చెప్పారు?

ఆ రోజుల్లో మనం ఏం చేశామో గుర్తు తెచ్చుకోండి. చికెన్ కొట్ల ముందు ఈగలు తోలుకున్నారు. బాగా ఉడికిన మాంసంలో ఈ వైరస్ బతకదు. అయినా కొనడానికి భయపడ్డాం. అదే గుంటూరులో ఉచితంగా చికెన్ మేళా పెడితే జనం ఎగబడ్డారు! 2020 మార్చిలోనూ ఇంతే. కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుకు ఫారాల రైతులు నిలువునా మునిగారు.

ఇంకోపక్క, చచ్చిన కోడిని వట్టి చేత్తో పట్టుకుని కాలవలో విసిరేస్తాం. తూగుతున్న కోడిని చచ్చేలోపు కోసుకు తింటాం. అంటే భయపడనక్కర్లేని చోట భయపడి, జాగ్రత్త పడాల్సిన చోట ధైర్యం చేస్తున్నాం.

రైతు దాస్తున్నాడని అధికారులు అంటారు. ఎందుకు దాస్తాడో కూడా చెప్పాలి కదా! జబ్బు ఖరారైతే కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపేస్తారు. ప్రభుత్వం చంపించిన కోళ్లకే పరిహారం. అంతకుముందే చచ్చినవాటికి పైసా రాదు. కాబట్టి ఆలస్యం చేసినకొద్దీ నష్టం మనకే. మొదటి రోజే చెప్పడం ఊరికి మంచిది, మన జేబుకూ మంచిది. అయితే చెప్పిన రైతు పరిహారం కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగితే, రెండోసారి ఎవరు నోరు విప్పుతారు? చచ్చిన కోళ్లకూ లెక్కగట్టాలి, డబ్బు వెంటనే ఇవ్వాలి. పశువైద్యశాలల్లో ఖాళీలు నింపాలి. ఇవి మన సంఘం డిమాండ్లు.

మనం చేయాల్సినవి నాలుగే. ఒకేసారి కోళ్లు ఎక్కువగా చస్తే 1962కి ఫోన్ చేయండి, లేదా రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి. చచ్చిన కోడిని వట్టి చేత్తో ముట్టొద్దు, కాలవలో వేయొద్దు. మాంసం కోసిన కత్తి, పీట, చేతులు సబ్బుతో కడగండి, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. కోళ్లతో మెలిగిన వాళ్లకు పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఊళ్లో సూది వేయించుకుని సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోళ్ల సంగతి డాక్టరుకు మీరే ముందు చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు.

కూర ఉడికించుకుని తినండి. భయపడి మానేస్తే సాటి రైతు దెబ్బతింటాడు. జాగ్రత్త మానేస్తే మన ఇంటి బిడ్డే దెబ్బతింటుంది. ఇంటికెళ్లాక ఈ రెండు మాటలూ ఆడవాళ్లకే కాదు, కోడిని కోసే మగవాళ్లకూ చెప్పండి.