పొద్దుగూకితే పలికే దూరాలు

ఆదిలాబాద్ పల్లెలో పొద్దుగూకాక పాత మీడియం వేవ్ రేడియో ముల్లు తిప్పి చూడండి. పగలు వినపడని దూరపు స్టేషన్లు గరగరమంటూ పలుకుతాయి.

ఎందుకంటారా? మన తలపైన డెబ్బై కిలోమీటర్ల ఎత్తున అయనావరణపు అట్టడుగు పొర ఉంది. పేరు డి. ఎండ ఉన్నంతసేపు అది మీడియం వేవ్‌ను మింగేస్తుంది. ఎండ పోతే పలచబడుతుంది, తరంగాలు పై పొరను తాకి తిరిగొస్తాయి.

అతి తక్కువ పౌనఃపున్య తరంగాల తీరే వేరు. వాటిని డి పొర పెద్దగా మింగదు, కిందికి తిప్పి పంపుతుంది. నేలకూ ఆ పొరకూ నడుమ సొరంగంలో పోయినట్టు వేల కిలోమీటర్లు పోతాయి. సముద్రపు నీటిలోకీ కొన్ని మీటర్లు దిగుతాయి. జలాంతర్గాములకు కబురు అందేది ఇలాగే.

అలా కబురు పంపే నౌకాదళ కేంద్రానికే వికారాబాద్ జిల్లా దామగుండంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందన్న ఆందోళనా రేగింది.

సూర్యుడిపై పెద్ద జ్వాల లేస్తే పగటి డి పొర చిక్కబడుతుంది, ఆ అతి తక్కువ పౌనఃపున్య తరంగాల నడకా నిమిషాల్లో మారుతుంది.