ముద్ర కంటే మనిషి ముఖ్యుడు

 

సీతారాండేరాలోని మన తెలుగువారిలో అనేక కుటుంబాలు ఉక్కు కర్మాగారపు పనుల కోసం ఈ నగరానికి వచ్చినవే. ఇనుము, ఇటుక, సిమెంటు మోసిన చేతుల్లో వేలిరేఖలు అరిగిపోతాయని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అటువంటి వేలిని రేషన్ దుకాణంలోని యంత్రం గుర్తించకపోతే, ఎదుట నిలిచినవాని ఆకలి అబద్ధమవుతుందా?

మనుషులను గుర్తించే విద్య ఈ దేశంలో అందరిపట్లా ఒకే తీరుగా నడవలేదు. 1871లో ఆంగ్లపాలకులు నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకనుబట్టే మనుషులను అనుమానితుల పట్టీలో చేర్చారు. 1911 నాటి చట్టం వారి వేలిముద్రలు తీసుకొనే అధికారాన్నిచ్చింది. తెలుగునాట ఎరుకలవారు, యానాదులు ఆ నిందను మోశారు. 1952లో చట్టం రద్దయింది గాని, అనుమానం తొలగలేదు.

మన జార్ఖండ్‌లోనే, సిమ్‌డేగా జిల్లాలో, 2017 సెప్టెంబరులో 11 ఏండ్ల బాలిక మరణించింది. ఆధార్‌తో జతపడనందున రేషన్ కార్డు రద్దయి నెలల తరబడి ధాన్యం అందలేదని, బిడ్డ అన్నమడుగుతూ ప్రాణం విడిచిందని తల్లి చెప్పింది. అధికారులు మలేరియా అన్నారు. జబ్బు ఏదైనా, ఆ ఇంట బియ్యం లేవు. మరుసటి ఏడు సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకు ఆధార్‌ను సమర్థిస్తూనే, ముద్ర సరిపోలలేదని అర్హులకు హక్కు నిరాకరించరాదన్నది.

గుర్తింపు పత్రమే చెడ్డదని మనం అనడం లేదు. ఊరు విడిచి వచ్చిన కూలీకి అది ఆధారమే. అయితే యంత్రం చెప్పినదే తుది తీర్పు కారాదు.

అంగుళిమాలుని పట్టుకొనుటకు ప్రసేనజిత్తు 500 మంది ఆశ్వికులతో బయలుదేరాడు. ఆ మనిషి బుద్ధుని చెంతనే కాషాయం ధరించి కూర్చున్నా రాజు గుర్తించలేకపోయాడు. తథాగతుడు చూపినది మారిన మనిషిని. ఏ ముద్రా, ఏ ముఖచిత్రమూ ఆ మార్పును పట్టుకోలేదు. జన్మ వలన కాక కర్మ వలన మనిషిని ఎంచమన్న ధర్మం మనది.

కనుక మన సంఘం ఒక పని చేపట్టాలి. రేషన్ ఇచ్చే రోజుల్లో దుకాణం వద్ద మనలో ఒకరు నిలవాలి. ముద్ర పడనివారి పేరు చేతితో వ్రాసి ధాన్యమిచ్చేందుకు ఇక్కడ అపవాద పంజీ అనే పుస్తకం ఏర్పాటు చేశారు. దానిని తెరిపించాలి. నిరాకరిస్తే ఫిర్యాదు వ్రాసిపెట్టాలి. ఒక్కరూ ఖాళీ సంచితో తిరిగి వెళ్ళకుండా చూడటమే మన మైత్రికి, కరుణకు పరీక్ష.

నమో బుద్ధాయ. జై భీమ్.